సమాధానం: మత్తు డాక్టర్ పంపిన బిల్లు కట్టాలా?

మత్తు డాక్టర్ 2,800 డాలర్ల బిల్లు పంపారు, కట్టాలా అని అడిగారు. ముందు అది కట్టేయకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇన్సూరెన్స్ మీ ఆఫీసు ద్వారా వచ్చినదే, హాస్పిటల్ ఇన్-నెట్‌వర్కే, అంటే ఆ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నదే. మీ ఆవిడకి ఎమర్జెన్సీలో అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. మత్తిచ్చిన డాక్టర్ ఒక్కరే అవుటాఫ్ నెట్‌వర్క్. సరిగ్గా ఇలాంటి బిల్లుల కోసమే 2022 జనవరి 1 నుంచి అమెరికాలో నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం అమల్లో ఉంది. ఆ డాక్టర్ ఇన్-నెట్‌వర్క్ అయితే ఎంత కట్టేవారో మీ వాటా అంతే. మిగతాది ఆ డాక్టరూ ఇన్సూరెన్స్ వాళ్లూ తేల్చుకోవాలి. అడ్మిషన్ కాగితాల్లో ఏదో సంతకం పెట్టామని కంగారు పడుతున్నారు, మత్తు డాక్టర్ విషయంలో అది చెల్లదు.

ఇన్సూరెన్స్ సైట్‌లో ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్, అంటే ఇన్సూరెన్స్ ఎంత కడుతుందో, మీరెంత కట్టాలో చూపే కాగితం) తీసి, పేషెంట్ రెస్పాన్సిబిలిటీ, అంటే మీ వాటా అన్నచోట అంకె చూడండి. బిల్లు దానికంటే ఎక్కువుంటే ఈఓబీ కాపీ జతచేసి డాక్టర్ బిల్లింగ్ ఆఫీసుకి రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌తో సరిపెట్టొద్దు, రేపు బిల్లుని కలెక్షన్స్‌కి (బాకీలు వసూలు చేసేవాళ్లకి) తోస్తే ఆ కాగితమే దిక్కు. ఈఓబీలోనే అవుటాఫ్ నెట్‌వర్క్ లెక్క వేసుంటే, ఈ చట్టం పేరు చెప్పి క్లెయిమ్ రీప్రాసెస్ చేయమని, అంటే లెక్క మళ్లీ వేయమని ఇన్సూరెన్స్ వాళ్లని అడగండి. కాదంటే అప్పీల్. ఎవరూ వినకపోతే సీఎంఎస్ (మెడికేర్, మెడికెయిడ్ చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ల నో సర్‌ప్రైజెస్ హెల్ప్ డెస్క్‌కి ఫిర్యాదు చేయండి.

అంబులెన్స్ బిల్లు మాత్రం వేరే కథ. హెలికాప్టర్‌లో తెస్తే ఈ చట్టం కాపాడుతుంది, రోడ్డు మీద తెస్తే కాపాడదు! విడ్డూరమే. కొన్ని రాష్ట్రాల్లో దానికి సొంత చట్టాలున్నాయి, మీ స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ సైట్ చూడండి.

అన్నట్టు, అత్తమామలు వస్తున్నారన్నారు. అమెరికా చూడ్డానికి వచ్చేవాళ్లు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఈ రక్షణ ఉండదు.