నల్లా దగ్గర మొదలుపెట్టు

అమ్మలూ,

ఎనిమిదో తరగతికి ప్రపంచ పౌరసత్వం, సుస్థిరాభివృద్ధి పాఠాలు చెప్పమన్నారని, ఎలా చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉందని అన్నావు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మామయ్యగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల చార్టు గోడకు తగిలించు. కానీ పాఠం అక్కడ మొదలుపెట్టకు. నేను ఆ పొరపాటే చేశాను. పదిహేడూ వరసగా బట్టీ పట్టించాను. ఆరోది మంచినీళ్లు, పారిశుద్ధ్యం అని గడగడా అప్పజెప్పిన పిల్లవాడి ఇంటికి ఓసారి వెళ్లాను. వంటగది గోడ మీద బొగ్గు గీతలు. నల్లా వచ్చిన రోజుకో గీత, వాళ్లమ్మ పెట్టుకున్న లెక్క. నా పాఠం ఆ గోడ దాకా వెళ్లనే లేదని చాలా బాధపడ్డాను.

అందుకే ముందు, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో, ఎంతసేపు వస్తుందో ఇంట్లో అడిగి రమ్మను. తర్వాత క్లాసు నేల మీద సుద్దముక్కతో నీళ్ల దారి గీయించు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన హైదరాబాద్‌కు వస్తాయి. వాడేశాక మోరీ, మోరీ నుంచి మూసీ. మూసీ నల్లగొండ వైపు పొలాలు తడుపుతూ పోయి వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది. మంచినీళ్లిచ్చిన నదికే మురికి పంపుతున్నామని పిల్లలే కనిపెట్టాలి. నువ్వు తొందరపడి చెప్పేయకు.

ప్రపంచం సంగతి పటాన్‌చెరు దగ్గర ఎత్తుకో. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అలాంటి నీళ్లలో యాంటీబయాటిక్‌కు లొంగని క్రిములు పెరుగుతాయి. అవి ఒక్క ఊళ్లో ఆగవు. మన మందులు ఎన్నో దేశాలకు పోతాయి. అక్కడ మాత్ర చౌకగా దొరకడానికి ఇక్కడ చెరువు ఎంత మూల్యం కట్టిందో పిల్లల్నే అడుగు. పౌరసత్వం అన్న మాట అప్పుడు వాళ్లకు అందుతుంది.

ఒక్కటి మాత్రం చేయకు. రెండు బిందెలతో రోజు గడిపే ఇంటి పిల్లలకు నీళ్లు పొదుపు చేయమని చెప్పకు, అది అన్యాయం. ఎవరింట్లో ఎంత వాడుతున్నారో లెక్క వేయించు, చాలు.

పిల్లల్ని మూసీ మీదున్న చాదర్‌ఘాట్ వంతెన మీదికి తీసుకెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే వాసన తట్టుకోలేరు. హెడ్‌మాస్టర్ గారు తేదీ ఇవ్వగానే చెప్పు, నేనూ వస్తాను.

మీ మామయ్య