చేతికి ఊలు, చెవికి కథ, మరి కాళ్ల సంగతి?

అల్లిక, ఆడియోబుక్, వ్యాయామం... ఈ మూడింటినీ రోజులో ఎలా సర్దుకోవాలని అడుగుతూ ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: ఆఫీసు నుంచి వచ్చి ఇంటిపని తెమిలేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అక్కడి నుంచి పడుకునేదాకా రెండు గంటలు నావి. సోఫాలో కూర్చుని ఆడియోబుక్ పెట్టుకుని స్వెటర్ అల్లుకుంటాను, రోజు మొత్తంలో నాకు ఇష్టమైన టైమ్ అదే. కానీ వాకింగ్ మానేసి మూడు నెలలైంది. నడుము పట్టేస్తోంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మూడింటికీ టైమ్ చాలడం లేదు, ఏదో ఒకటి వదిలేయాలా?

జవాబు: ఏదీ వదలొద్దండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టైమ్ చాలడం లేదన్న బాధ కన్నా ఇంకో సంగతి కనిపించింది నాకు. అల్లికకు చేతులు కావాలి, పుస్తకానికి చెవులు కావాలి, నడకకు కాళ్లు కావాలి, కాబట్టి ఈ మూడూ ఒకే గంట కోసం కొట్టుకోవాల్సిన పనిలేదు. మీ విషయంలో ఏమైందంటే చేతులూ చెవులూ జట్టు కట్టేశాయి, కాళ్లను ఎవరూ పిలవడం లేదు. మెత్తటి సోఫా, ఒళ్లో ఊలు, చెవిలో మంచి కథ ఉంటే లేచి బూట్లు తొడుక్కోవడానికి ఎవరికి మనసొస్తుంది చెప్పండి. అందుకని ఆ కథను సోఫా దగ్గర్నుంచి తీసి నడకకు ఇచ్చేయండి. ఇప్పుడు మీరు వింటున్నవాటిలో, తర్వాత ఏమవుతుందోనని ప్రాణం లాగే పుస్తకం ఏదో మీకు తెలుసు కదా, అది ఇకమీదట నడుస్తున్నప్పుడు మాత్రమే. ఇంట్లో కూర్చుని ఒక్క నిమిషం కూడా వినకూడదు.

ఇది నా సొంత చిట్కా కాదు. కేథరిన్ మిల్క్‌మన్ అనే పరిశోధకురాలు తన బృందంతో చేసిన ఒక ప్రయోగం 2014లో అచ్చయింది. వదలబుద్ధి కాని ఆడియో నవలలు కొందరికిచ్చి, అవి జిమ్‌లో ఉంచిన పరికరంలోనే వినాలని షరతు పెట్టారు. షరతేమీ లేనివాళ్ల కన్నా వీళ్లు మొదట్లో 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కి వెళ్లారు. అయితే ఇందులో నాకు ఎక్కువ పనికొచ్చిన ముక్క వేరే ఉంది: వారాలు గడిచేకొద్దీ ఆ ఊపు తగ్గుతూ వచ్చింది, మధ్యలో సెలవులు రాగానే బాగా పడిపోయింది. అంటే ఈ పద్ధతి మనల్ని బయటికి లాగగలదు కానీ ఒకసారి తెగిందంటే దానంతటది మళ్లీ మొదలవ్వదు, ఊరెళ్లొచ్చాక కొత్త పుస్తకంతో మనమే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే 150 వచ్చేస్తుంది. తొంభై వేల పదాల నవల ఆడియోలో దాదాపు పది గంటలుంటుంది. పది గంటలంటే ఇరవై అరగంటలు, ఇరవై అరగంటలంటే మీకు నాలుగు వారాల నడక. నెలకో నవల నడుస్తూనే పూర్తవుతుంది, మీ రాత్రి రెండు గంటల్లో పోయేది అరగంటే, మిగతా గంటన్నర అల్లికకే. ఒకేసారి అరగంట కుదరకపోతే ముక్కలు చేసుకోండి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని 2020 మార్గదర్శకాల్లో తీసేశారు, కాబట్టి మెట్లెక్కిన ఆరు నిమిషాలు కూడా లెక్కలోకే వస్తాయి.

మరి సోఫాలో అల్లుతూ ఏం వినాలి? ఇంకో పుస్తకం. తొందరపెట్టనిది, ఇదివరకే చదివి ఇష్టపడినదో, వ్యాసాలో, మధ్యలో ఆపినా దిగులు లేనిదో. నేను నాలుగేళ్లుగా కాళ్లకో పుస్తకం, చేతులకో పుస్తకం అని విడిగా పెట్టుకుంటున్నాను. రెండో వారంలోనే తేడా తెలుస్తుంది చూడండి. నడక అయిపోయి ఇంటి గేటు దాకా వచ్చాక ఫోన్ తీసి చూస్తే అధ్యాయంలో ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలి ఉంటాయి, గేటు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసేసి ఇంకో చుట్టు తిరిగొస్తారు. ఆ చుట్టు మిమ్మల్నెవరూ తిరగమనలేదు కదా, నాకు అన్నిటికన్నా సంతోషంగా అనిపించేది అదే.

ప్రశ్న: నవల వింటూ చిల్లుల డిజైన్ ఉండే లేస్ శాలువా అల్లుతున్నాను. కథ మంచి పట్టులో ఉన్నప్పుడే తప్పులు పడుతున్నాయి. మొన్న పద్నాలుగు వరుసలు విప్పేశాను, ఏడుపొచ్చింది. నాకే ఏకాగ్రత లేదా?

జవాబు: పద్నాలుగు వరుసల లేస్ విప్పడమంటే ఎంత కష్టమో నాకు తెలుసమ్మా, లోపం మీలో లేదు. కుట్లు లెక్కపెట్టేటప్పుడు మనం మనసులో ఒకటి, రెండు, మూడు అని పలుకుతాం కదా, కథ కూడా మాటలే. లోపల పలికే గొంతు ఒక్కటే ఉంది, అది కథలో నాయిక వెంట పరిగెత్తుతుంటే మీ ఏడు ఎనిమిదవుతుంది, సూది మీద ఊలు చుట్టాల్సిన చోట చుట్టకుండానే దాటిపోతారు, ఆ సంగతి తర్వాతి వరుసలో ఒక కుట్టు తక్కువయ్యేదాకా తెలియదు. అప్పటికి కథ కూడా సగం చెవిన పడి ఉండదు, రెండూ పోతాయి.

అందుకే రెండు అల్లికలు పెట్టుకోండి. ఒకటి వినే అల్లిక. అన్నీ నిట్ కుట్లే, అంటే అల్లికలో అన్నిటికన్నా సాదా కుట్లే, ఉండే మఫ్లరో, సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదులను తీగతో కలిపినది) మీద గుండ్రంగా పోయే టోపీయో, స్వెటర్ ఒంటి భాగమో, వేళ్లకు అలవాటైపోయి చూడకుండా అల్లగలిగేది ఏదైనా సరే. రెండోది చూసే అల్లిక: లేస్, జడలా మెలితిరిగే కేబుల్ డిజైన్లు, మెడ దగ్గర, చంక దగ్గర కుట్లు తగ్గించే వరుసలు. దానికి ఏమీ వినొద్దు, లేదా మాటల్లేని సంగీతం పెట్టుకోండి. ఎంత ఇష్టమైన కథైనా డిజైన్ చార్టు చూసి అల్లే పనికి తోడు పనికిరాదన్నది నా గట్టి అభిప్రాయం.

శాలువాకు ఈ రెండూ ఈరోజే చేయండి. డిజైన్ ఎక్కడ మళ్లీ మొదలవుతుందో అక్కడల్లా సూది మీద ఒక మార్కర్ (గుర్తుగా వేసే చిన్న రింగు) వేయండి, అప్పుడు తప్పు పడితే రెండు వందల కుట్లు వెతకక్కర్లేదు, ఆ రెండు మార్కర్ల మధ్య ఉన్న పన్నెండో పదహారో చూసుకుంటే చాలు. రెండోది లైఫ్‌లైన్. తప్పుల్లేవని సరిచూసుకున్న ప్రతి పదో వరుసలో, వేరే రంగు నున్నటి సన్న దారాన్ని మొండి సూదికి ఎక్కించి సూది మీదున్న కుట్లన్నిటి గుండా పోనివ్వండి, మార్కర్లలోంచి మాత్రం పోకుండా చూసుకోండి. ఆ పైన ఎక్కడ పాడైనా సూది లాగేసి విప్పినా సరే, దారం దగ్గరికొచ్చి ఆగిపోతుంది, ఒక్క కుట్టు కూడా జారదు. పద్నాలుగు వరుసలు విప్పే అవసరం ఇక రాదు.

ప్రశ్న: వారానికి మూడు రోజులు డంబెల్స్, ప్లాంక్ (ఒళ్లు తిన్నగా ఉంచి చేతుల మీద, కాలి వేళ్ల మీద ఆగడం) చేస్తాను. రాత్రి అల్లిక. ఈమధ్య కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. రెండిట్లో ఏది కారణం?

జవాబు: రెండూ కలిసి కావచ్చు. బరువు పట్టుకున్నా సూది పట్టుకున్నా పని చేసేది ఆ బొటనవేలు, మణికట్టే కాబట్టి పొద్దున అలసిన చోటే రాత్రి మళ్లీ అలసిపోతోంది. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, కొన్ని రోజులు ఆపినా నొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోండి, ఈ పేజీలో వెతకొద్దు. అంతదాకా రాలేదంటే కొన్ని మార్పులు చేసి చూడొచ్చు. డంబెల్స్ పట్టిన రోజు అల్లిక కొద్దిగా, కాళ్ల వ్యాయామం చేసిన రోజు అల్లిక ఎక్కువ. కండరాలకు పని పెట్టే వ్యాయామం వారానికి రెండు రోజులున్నా సరిపోతుందనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. ప్లాంక్ అరచేతుల మీద కాకుండా మోచేతుల మీద చేయండి.

అల్లేది దుప్పటో పెద్ద స్వెటరో అయితే పొడుగు సూదులు పక్కన పెట్టి సర్క్యులర్ సూదికి మారండి, దాన్ని గుండ్రంగానే వాడాలనేం లేదు, అటూ ఇటూ తిప్పి మామూలుగానే అల్లొచ్చు. అల్లిన బట్ట బరువంతా మధ్యనున్న తీగ మీదికి చేరి ఒళ్లో పడుకుంటుంది, పొడుగు సూదులతో అయితే ఆ బరువు మణికట్టు మోయాలి. ఊలును బిగించి పట్టుకునే అలవాటుందేమో కూడా చూసుకోండి, సూది మీద కుట్లు జరగక కిర్రుమంటుంటే బిగింపు ఎక్కువైనట్టే.

ఇంకొకటి. ఆడియోబుక్ యాప్‌లో నిద్రపోయేవాళ్ల కోసం పెట్టిన స్లీప్ టైమర్ ఉంటుంది కదా, దాన్ని ఇరవై నిమిషాలకు పెట్టుకోండి. కథ ఆగిపోగానే సూదులు కింద పెట్టి లేచి, వేళ్లు బార్లా చాపి, భుజాలు తిప్పి, నాలుగడుగులు వేసొచ్చి మళ్లీ మొదలుపెట్టండి. అలారం మోగితే ఈ వరుసయ్యాక అని వాయిదా వేస్తాం, కథే ఆగిపోతే లేవక తప్పదు.

ప్రశ్న: నేను ఈ ఏడాది పద్దెనిమిది నవలలు విన్నాను. వినడం చదవడం కిందకి రాదని మా అబ్బాయి వాదన. నిజమేనా?

జవాబు: 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లను మూడు జట్లు చేసి, ఒకే పుస్తకంలోని భాగాలను ఒక జట్టుకు వినిపించారు, ఒక జట్టుతో తెరమీద చదివించారు, ఒక జట్టుకు రెండూ ఇచ్చారు. వెంటనే పరీక్ష పెట్టినా రెండు వారాల తర్వాత పెట్టినా అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలను రికార్డుల మీదకు ఎక్కించడం 1930లలోనే మొదలైంది, అలా విన్నవాళ్లందరూ పాఠకులు కాదని అనగలమా? మీ పద్దెనిమిదీ లెక్కే.

కాకపోతే అచ్చు పుస్తకం మన కోసం ఆగుతుంది, ఆడియో ఆగదు. మనసు ఎటో పోయిందని తెలియగానే ముప్పై సెకన్లు వెనక్కి వెళ్లే బటన్ నొక్కడానికి బద్ధకించకండి.

ప్రశ్న: ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ అల్లొచ్చా? మూడూ ఒకేసారి అయిపోతాయి కదా.

జవాబు: వద్దు. కాలు తడబడితే చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలి, ఆ చేతుల్లో సూదులుంటే ఎలా? ఊలు ఉండ జారి కింద కదిలే పట్టీలో పడితే అదింకో ప్రమాదం. పుస్తకం ఒక్కటీ చాలు అక్కడ. రోడ్డు పక్కన నడిచేవాళ్లయితే ఒక చెవి ఖాళీగా వదలండి, వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటల దాకా విన్నా పెద్దవాళ్ల చెవులకు ముప్పు లేదంటారు, మోత పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి.

ప్రశ్న: రెండు నెలలు అన్నీ చక్కగా సాగాయి. తర్వాత జ్వరం, ఆ తర్వాత ఆఫీసు పని. ఆరు వారాలుగా నడకా లేదు, సూది పట్టిందీ లేదు, పుస్తకం సగంలో ఉంది. అల్లిక సంచి చూస్తేనే టెన్షన్. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: జ్వరమొచ్చి ఆగిపోయినదానికి తప్పు చేసినట్టు బాధపడకండి, మీ ఉత్తరమంతా అదే కనిపించి నాకు కష్టంగా అనిపించింది. కొత్త అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి ఎంత కాలం పడుతుందని 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో చూశారు. మధ్యస్థంగా 66 రోజులు తేలింది కానీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులోనే చెప్పారు. మీది ఆరు వారాలు కాబట్టి కొంత మొదటికొచ్చి ఉంటుంది, మొత్తం పోలేదు.

మూడూ ఒకే రోజు మొదలుపెట్టకండి. ముందు నడక, అదీ పది నిమిషాలు, జ్వరం తర్వాత ఒంట్లో ఓపిక చూసుకుంటూ. పుస్తకాన్ని ఆగినచోట నుంచి కాకుండా ఒక అధ్యాయం వెనక్కి జరిపి వినండి, మనుషుల పేర్లు గుర్తుకొచ్చేసరికి ఆసక్తి తిరిగొస్తుంది. అల్లికకు వారం తర్వాత రావచ్చు, కానీ సంచి మాత్రం ఈ పూటే తెరవండి. సూది మీద కుట్లు లెక్కపెట్టి, డిజైన్‌లో ఏ వరుస దగ్గర ఆగారో పోల్చుకుని, సూది నంబరుతో సహా ఒక చీటీ మీద రాసి ఊలుకు గుచ్చి పెట్టేయండి. ఈరోజుకు ఒక్క కుట్టు కూడా అల్లక్కర్లేదు.