పాత రౌటర్‌కి కొత్త ఓఎస్ ఎక్కించవచ్చా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట కొన్న వైఫై రౌటర్ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కంపెనీ మాత్రం అప్‌డేట్లు ఆపేసింది. సెట్టింగ్స్ పేజీలో ఓ మూల ‘జీపీఎల్ లైసెన్స్’ అని ఉంది. అంటే ఏంటి? దీన్ని పక్కన పడేసి కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అప్పుడే కొనకండి. జీపీఎల్ అంటే సాఫ్ట్‌వేర్ అసలు కోడ్‌ని కొన్నవాళ్ల దగ్గర దాచకూడదనే షరతున్న లైసెన్స్. ఆ పేరు ఉందంటే లోపల నడుస్తున్నది దాదాపుగా లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఓఎస్సే. జీపీఎల్ కోడ్ వాడుకుని సరకు అమ్మిన కంపెనీ, తాను చేసిన మార్పులతో సహా ఆ కోడ్‌ని కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచాలి. ఇది మీ హక్కు, కంపెనీ దయ కాదు.

ఈ హక్కు ఎంత పనిచేసిందో చూడండి. లింక్‌సిస్ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ తెచ్చింది. అందులో లినక్స్ ఉందని 2003లో ప్రోగ్రామర్లు పసిగట్టి, కోడ్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. కంపెనీ ఆ ఏడాదే ఇచ్చింది. ఆ కోడ్ పునాదిగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల ఓఎస్ మొదలైంది. ఇప్పుడది వందల మోడళ్ల మీద నడుస్తోంది, భద్రతా అప్‌డేట్లూ వస్తున్నాయి. మీ రౌటర్‌కి కావాల్సింది ఇదే.

అయితే మోడల్ పేరు ఒక్కటే చూసి తొందరపడొద్దు. అదే డబ్ల్యూఆర్‌టీ54జీ ఐదో వెర్షన్‌లో కంపెనీ లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఓఎస్ పెట్టింది, సాఫ్ట్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీని 2 ఎంబీకి తగ్గించేసింది. పెట్టె మీద పేరు మాత్రం మారలేదు! అందుకే రౌటర్‌ని తిరగేసి, కింది స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ చూడండి. దాన్ని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లోని హార్డ్‌వేర్ పట్టికలో వెతకండి. 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ అయినా లేకపోతే ఈ ఆలోచన మానుకోండి.

పట్టికలో ఉంటే ‘ఫ్యాక్టరీ’ అని ఉన్న ఫైల్ దించుకోండి. ‘సిస్‌అప్‌గ్రేడ్’ ఫైల్ తర్వాతి అప్‌డేట్లకు. వైఫై మీద కాకుండా ల్యాన్ కేబుల్‌తోనే ఎక్కించండి. మధ్యలో కరెంట్ పోతే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌కే పెట్టండి. ఎక్కాక వైఫై కనిపించలేదని కంగారు పడకండి, మామూలుగా అది ఆపేసే ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ముందు పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేయండి. మీ ఫైబర్ బాక్స్ అడ్రసు కూడా అదే అయితే రెండూ కొట్టుకుంటాయి, రౌటర్‌ది 192.168.2.1గా మార్చేయండి. నెట్ కంపెనీ ఇచ్చిన ఆ ఫైబర్ బాక్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: మరి స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో కూడా లినక్సే ఉంటుందా?

జవాబు: చాలావాటిలో ఉండదు. వాటిలోని చిన్న చిప్‌ల మెమరీ లినక్స్‌కి చాలదు. అక్కడ ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫిర్ లాంటి చిన్న ఓఎస్‌లు నడుస్తాయి. ఇవీ ఓపెన్ సోర్సే. కాకపోతే ఫ్రీఆర్‌టీఓఎస్‌ది ఎంఐటీ లైసెన్స్, జెఫిర్‌ది అపాచీ. వీటి ప్రకారం తన మార్పుల్ని కంపెనీ మీకు ఇవ్వనక్కర్లేదు. నాకైతే ఇది పెద్ద లోటే. లోపల ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 చిప్ ఉన్నవాటికి టాస్మోటా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించే వీలుంది. కానీ ప్లగ్‌ని గోడ సాకెట్‌లో ఉంచి మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. కంప్యూటర్‌కి కలిపేటప్పుడూ అంతే, ప్రాణాలకే ముప్పు.