మన్రో అనే స్కాటిష్ ఇంటిపేరుకు అర్థం ఏమిటి?

‘మన్రో’ అనే ఇంటిపేరుకు గేలిక్ భాషలో ‘రో నది ప్రాంతంవాడు’ అని సాధారణంగా అర్థం చెబుతారు. ఆ నది ఐర్లండ్ ఉత్తర భాగంలో ఉంది కనుక, ఈ వంశీకులు సముద్రం దాటి స్కాట్లండ్ చేరారని సంప్రదాయ కథనం.

వీరిలో మనకు బాగా తెలిసినవాడు 1761లో గ్లాస్గోలో పుట్టిన సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల (నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన రాయలసీమ, బళ్లారి ప్రాంతం) కలెక్టరుగా, రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని నెలకొల్పి, తరువాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించిన ఆయన మీది అభిమానంతో రాయలసీమవాసులు పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారు. అలా అక్కడి ఇంటిపేరు కాస్తా ఇక్కడ మనిషి పేరైంది.

స్కాట్లండ్‌లో మాత్రం ‘మన్రో’ అంటే కొండ. 3,000 అడుగులు దాటిన శిఖరాల జాబితాను 1891లో ప్రచురించిన హ్యూ మన్రో పేరే వాటికి స్థిరపడింది. 2013లో నోబెల్ బహుమతి పొందిన కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రోకు ఈ ఇంటిపేరు వివాహంతో వచ్చింది.