లారీ ఇంజనుతో నూర్పిడి యంత్రం నడపదలచిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, చీపురుపల్లి నుండి మామయ్య దీవించి వ్రాయునది.

టెక్కలి గ్రానైటు మోసిన మీ పాత లారీ చింతచెట్టు కింద టైర్లు దిగబడి నిలిచిపోయిందనీ, దాని ఇంజనును మార్గశిరం నూర్పులకు వాడుకోవాలని నీవు తలుస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆలోచన చెడ్డది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మీ వైపు కరెంటు స్తంభాలు పడిపోయినప్పుడు, డీజిల్ ఇంజను ఉన్న ఇంటికి ఎంత విలువ వచ్చిందో నీవే చూశావు. అయితే లారీని నడిపించేది ఇంజను ఒక్కటే కాదు. ఎక్కువ తక్కువలు చూసుకోవడానికి డ్రైవరు కాలు, చల్లబరచడానికి ఎదురుగాలి ఉంటాయి. కల్లంలో ఆ రెండూ ఉండవు కనుక, వాటికి బదులు ఏమి పెడతావన్నదే అసలు పని.

ముందుగా డీజిల్ పంపు మెకానిక్కు దగ్గరకు వెళ్లి ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు ఏ రకమో అడుగు. కొన్ని లారీ పంపుల గవర్నరు స్లో వేగాన్నీ గరిష్ఠ వేగాన్నీ మాత్రమే పట్టుకుంటుంది. మధ్యలో అంతా డ్రైవరు కాలిదే. అటువంటి దానిని త్రెషరుకు, అంటే నూర్పిడి యంత్రానికి, కడితే లావుపాటి పన పడినప్పుడు ఇంజను కూలబడుతుంది, యంత్రం ఖాళీ అయిన మరుక్షణం అరుస్తూ పైకి లేస్తుంది. అన్ని వేగాల వద్దా పట్టు నిలిపే గవర్నరు వేయించిన తరువాతే మిగిలిన ఖర్చు పెట్టు.

ఇక శక్తిని ఎక్కడి నుండి తీసుకోవాలన్న విషయం. ముప్పై ఏళ్ల క్రితం నేను తెలివిగా చేశాననుకుని, లారీ వెనుక చక్రం ఒకటి జాకీతో లేపి, దానికి బెల్టు వేసి చెరకు గానుగ తిప్పాను. ఒక చక్రం ఆగి రెండవది మాత్రమే తిరిగితే, బండి మలుపు తిరిగేటప్పుడు మాత్రమే పనిచేయవలసిన, వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలు రోజంతా బరువు మీద తిరుగుతూనే ఉంటాయి. మూడవ రోజు సాయంత్రానికి అవి కాలి పట్టేశాయి, ఆ కుదుపుకు జాకీ కింది దుంగ జారింది. ఎవరి ప్రాణమూ పోలేదు గాని, ఆ పద్ధతి నీకు వద్దు.

నీవు చేయవలసినది ఇది. గేరుబాక్సు వెనుక ఛాసిస్‌ను కోయించి, వెనుక ఇరుసు తీసేసి, ఇంజను, క్లచ్, గేరుబాక్సు, రేడియేటరు వాటి పాత మౌంటింగుల మీదే కదలకుండా ఉంచి, ఆ ముక్కను ట్రాక్టరు లాగే ట్రాలీ మీద బిగించు. గేరుబాక్సు నుండి వెనుక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు ముందు భాగానికి పొట్టి షాఫ్టు కలిపి, పుల్లీకి అటూ ఇటూ ఒక్కొక్క ప్లమ్మర్ బ్లాకు (షాఫ్టును మోసే బేరింగు దిమ్మ) పెట్టించు. బెల్టు లాగే పక్క బరువును ఆ రెండు బేరింగులే మోయాలి, గేరుబాక్సు షాఫ్టు మీద పడకూడదు. నడిపేటప్పుడు ఇంజను ఒక చుట్టుకు షాఫ్టు కూడా ఒకే చుట్టు తిరిగే గేరు వాడాలి. పాత అయిదు గేర్ల బండ్లలో చాలావాటికి అది అయిదవ గేరు. సుద్దముక్కతో రెండు చోట్లా గీత గీసి, ఇంజనును చేత్తో తిప్పి చూస్తే తెలుస్తుంది.

నిమిషానికి ఇంజను 1500 చుట్లు, త్రెషరు 540 చుట్లు అనుకుంటే, ఇటు 8 అంగుళాల పుల్లీ, అటు 22 అంగుళాల పుల్లీ సరిపోతాయి. త్రెషరు తినేది 35 హార్స్‌పవర్ అయితే, నూరు దాటిన ఆరు సిలిండర్ల ఇంజను దానికి ఎక్కువే. మరీ తేలిక బరువుకు తిప్పితే డీజిల్ దండగ, లోపల మసి పేరుకుంటుంది. అయిదు హార్స్‌పవర్ల నీళ్ల మోటారు కోసమే అయితే మాత్రం ఆ లారీని పాత ఇనుముకు అమ్మివేయడమే మేలు.

రేడియేటరు ముఖం గాలి వచ్చే వైపు, త్రెషరు పొట్టు విసిరే వైపుకు దూరంగా ఉండాలి. పైన సన్నని జల్లెడ కట్టి గంటకొకసారి దులుపు. టెంపరేచర్ మీటరు పని చేయకపోతే ఇంజను స్టార్టు చేయవద్దు.

షాఫ్టుకు, దాని కీలైన క్రాసుకు, బెల్టుకు రేకు తొడుగు లేకుండా ఒక్క పూట కూడా నడపకు. ఒకసారి వంగి గ్రీజు పట్టిస్తుండగా నా భుజం మీది తువ్వాలు కొస క్రాసుకు తగిలింది. పాత గుడ్డ కావడం వల్ల చిరిగింది గాని, లేకుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. పాత డీజిల్ ఇంజను తాళం తీసినా ఆగదు కనుక, పంపు స్టాపు తీగను పనలు అందించే మనిషి చేతికి అందేంత పొడవు చేయించు.

ఛాసిస్ కోయకముందే ఫైనాన్సు బాకీ తీరిన కాగితం తీసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం, బండి శాశ్వతంగా పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి.

లేతు దగ్గరకు వెళ్లే ముందు, త్రెషరు ప్లేటు మీద చెక్కి ఉన్న చుట్ల సంఖ్యను ఫోటో తీసి నాకు పంపు. పైన రాసిన 22 అంగుళాలు దానిని బట్టి మారవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య