కొత్త కత్తి అంచు వంకరుంటే: బిడ్డకు పెద్దబాపు ఉత్తరం

బిడ్డా,

కర్రీ పాయింట్‌కు కొన్న రెండు కత్తుల ఫోటోలు పంపినవు, చూసిన. రెండిటికీ ఒకటే రోగం. వాలు, అంటే అంచు దాకా ఏటవాలుగ సాన పట్టిన పట్టీ, కుడి దిక్కు వెడల్పుగ, ఎడమ దిక్కు దారమంత సన్నగ ఉంది. పిడి దగ్గర మడమకు సాన సరిగ్గ ఆనలేదు. మొన దగ్గర వాలు మెలి తిరిగింది. టమాట తొక్క మీద జారుతుందంటే జారదా మరి!

ఉక్కును మాత్రం తిట్టకు. మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల కాచిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కపోయేటోళ్లు. అంత ఉక్కైనా రెండు దిక్కుల వాలు అంచు దగ్గర కలవకపోతే తెగదు. నీ కత్తికి కావల్సింది ఆ కలయికే.

ఫ్యాక్టరీల ఆఖరు సాన చాలావరకు చేతి పనే. తిరిగే బెల్టు మీద కార్మికుడు కత్తిని ఒక దిక్కు గుంజుతడు, తిప్పి ఇంకో దిక్కు గుంజుతడు, అంతే. బెల్టుకు మొదట ఆనించిన చోట ఒత్తిడి ఎక్కువ పడి మడమ దగ్గర గుంట పడుతది. మొన దగ్గర అంచు వంపు తిరిగితే పిడి కూడ ఎత్తాలె, తొందరల ఎత్తరు. అందుకే అక్కడ కోణం మారిపోతది. ఇంకోటి, బెల్టు వేడికి అంచు మీది సన్నటి పొర మెత్తబడే అవకాశం ఉంది. కొత్త కత్తి మొదటి వారం తొందరగ మొద్దు పోయి, రెండు మూడు సానలైనంక నిలబడుడు ఇందుకే కావొచ్చు.

ముందు ఏ వంకరను పట్టించుకోవాల్నో తెలుసుకో. వాలు వెడల్పు రెండు దిక్కుల తేడా ఉంటే అది చూపుకే వంకర, కోతకు పెద్ద అడ్డం కాదు. ఒకటే కోణంల పట్టినా రేకు మందమున్న చోట వాలు వెడల్పుగ పడుతది. కాబట్టి వెడల్పు చూసి కోణం తప్పనుకోకు. మొదటి రోజే రెండు దిక్కులు సమానం చెయ్యాలని కూసుంటే కత్తి సగం అరిగిపోతది. సన్నగున్న దిక్కు మూడు రుద్దులు, వెడల్పు దిక్కు రెండు, ఈ లెక్కన నాలుగైదు సానలల్ల అదే సర్దుకుంటది.

అసలు తప్పు గుంట. కత్తి అంచును గాజు పలక మీద నిలువుగ ఆనించి, వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి చూడు. వంపున్న మొన దిక్కు వెలుతురు కనపడుడు మామూలే. కాని నేరుగుండే భాగంల, మడమకు రెండు మూడు వేళ్ల దూరంల వెలుతురు కనపడితే అది గుంట. కోసినప్పుడు ఉల్లిగడ్డ ముక్కలు తోకలు తోకలుగ అతుక్కొని ఉండేది అక్కడనే. ఆ సందు ఒక మిల్లీమీటరు దాటితే, వాడకముందే షాపుల మార్పియ్యమను. సానరాయి మీద పెట్టినంక ఎవ్వరూ వాపసు తీసుకోరు.

ఇగ సామాను. హార్డ్‌వేర్ షాపుల ఎనిమిది అంగుళాల కార్బోరండం రాయి దొరుకుతది, ఒక దిక్కు గరుకు, ఇంకో దిక్కు నున్న. దానికి తోడు 1000 నంబరు నీళ్ల రాయి (నీళ్లతోటి తడిపి వాడే సానరాయి, నంబరు పెరిగినకొద్దీ నున్నగుంటది) ఒకటి తీసుకో. కర్రీ పాయింట్ పనికి ఇవి రెండు చాలు, 6000 నంబరు రాయి ఇప్పుడే వద్దు. ఒక నల్ల మార్కర్ పెన్ను, తడి తువ్వాల, పాత తోలు బెల్టు కావాలె. రాయి మీద పల్లి నూనె, కొబ్బరి నూనె పొయ్యకు. బంక కట్టి, రాయి రంధ్రాలు మూసుకపోయి ఉక్కు మీద జారుతది. నీళ్లల్ల పది నిమిషాలు నానబెట్టి, బుడగలు ఆగినంక తియ్యి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక చుక్క వేస్తే ఇంకా మంచిది.

కోణం సంగతి. కూరగాయల కత్తికి ఒక్కో దిక్కు 15 నుంచి 20 డిగ్రీలు. నేర్చుకునేటప్పుడు 20 పట్టు. కాగితం మూలను సరిగ్గ సగానికి మడిస్తే 45, దాన్ని మల్ల సగానికి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టి, కత్తి వీపును (అంచుకు ఎదురుగుండే మందం దిక్కును) దానికంటే వెంట్రుకవాసి కిందికి దించు. లేదంటే స్కేలు పెట్టి కొలువు. కత్తి వెడల్పు 4 సెంటీమీటర్లుంటే, వీపు రాయికి సుమారు 14 మిల్లీమీటర్ల ఎత్తుల ఉంటే 20 డిగ్రీలు, 10 దాటి కొంచెం ఉంటే 15. మటన్ బొక్కలు కొట్టే కత్తికి ఈ లెక్క పనికిరాదు. దానికి 25 డిగ్రీలన్న ఉంచు, లేకుంటే అంచు పెంకులు పెంకులుగ లేస్తది.

మార్కర్‌తోటి రెండు దిక్కుల వాలు మొత్తం నల్లగ పూయి. గరుకు రాయి మీద రెండే రెండు రుద్దులు రుద్ది, ట్యూబ్‌లైటు కింద చూడు. పైన వీపు దిక్కు రంగు పోయి అంచు దగ్గర నల్లగనే ఉంటే, వీపు మరీ కిందికి దించినవన్నట్టు. అంచు దగ్గరనే పోతే మరీ ఎత్తినవన్నట్టు. ఫ్యాక్టరీ వాలు 25 డిగ్రీలుండి నువ్వు 20 పడితే, రాయి ముందు పైభాగాన్నే తింటది, అంచు దాకా రావడానికి టైము పడుతది. చాలామంది ఇక్కడనే విసుగొచ్చి, పది నిమిషాలు రుద్ది, తెగుతలేదని వదిలేస్తరు. మొదటి సానకు ఒక్కో కత్తికి అరగంట నుంచి గంట పట్టొచ్చు. తర్వాత సానలకు పది నిమిషాలు చాలు. మధ్యల మధ్యల రంగు మల్ల పూసి చూసుకుంట ఉండు.

రాయి కింద తడి తువ్వాల పరుచు, రాయి జరగొద్దు. కుడి చేత్తోటి పిడి పట్టి, ఎడమ చేతి రెండు వేళ్లు రాయికి ఆనిన చోటికి సరిగ్గ పైన, అంచుకు కొంచెం వెనక ఉంచు. మడమ నుంచి మొదలుపెట్టి రెండేసి అంగుళాల ముక్కగ రుద్దుకుంట మొన దాకా పో. అంచు ముందుండి పోయేటప్పుడు చెయ్యి తేలిక చెయ్యి, అంచు వెనకుండి జరిగేటప్పుడు ఒత్తు. మొన వంపు దగ్గర మోచెయ్యి కొంచెం లేపు, పిడి దాంతోపాటే లేస్తది. ఎంత ఒత్తాల్నో నీ చిన్న కాటానే చెప్తది. దాని మీద పాలిథిన్ కవరు పరిచి, రాయి పెట్టి, సున్నా చేసి రుద్దు. గరుకు రాయికి కిలో, కిలోన్నర. 1000 నంబరుకు అర కిలో. ఆఖరు రుద్దులకు కత్తి బరువొక్కటే. రెండు రోజులు అట్ల చేస్తే చేతికే తెలుస్తది, కాటా అక్కర లేదు.

ఇక్కడ జెర ఆగి చదువు. ఒక దిక్కు రుద్దుతుంటే, అంచు దాటి అవతలి దిక్కుకు సన్నటి ఉక్కు పొర వంగి లేస్తది. లేతు మిషన్లోళ్లు బర్రు అంటరు. బొటనవేలిని వీపు దిక్కు నుంచి అంచు దిక్కుకు జారిస్తే గోరుకు తట్టినట్టు గీసుకుంటది. అంచు పొడుగునా మాత్రం వేలు పెట్టకు, తెగుతది. వేలికి తెలియకపోతే దూది పింజతోటి చూడు, పోగులు పట్టుకుంటయి. రాయి అంచు దాకా ఆనిందనడానికి నమ్మదగ్గ గుర్తు ఇదే. మడమ నుంచి మొన దాకా తెంపు లేకుండ బర్రు వచ్చేదాక కత్తి తిప్పకు. ఫ్యాక్టరీ వంకర కత్తికి నడుమ తొందరగ వస్తది, మడమ దగ్గర, మొన దగ్గర ఆలస్యం. రాని చోటనే రుద్దు, కాని అక్కడనే గీకుకుంట కూసుంటే కొత్త గుంట పడుతది. పది రుద్దులు అక్కడ రుద్దితే, రెండు మూడు పొడుగంతా రుద్ది కలుపు. పూర్తిగ వచ్చినంక తిప్పి రెండో దిక్కు ఇట్లనే.

చిన్న గుంట ఉన్న కత్తికి వాలు రుద్దితే గుంట పోదు. కత్తిని గరుకు రాయి మీద నిట్టనిలువుగ పట్టి, రాయిని కోస్తున్నట్టు మెల్లగ గుంజు. గాజు మీద వెలుతురు కనపడనిదాక గుంజితే అంచు నేరుగైతది, కాని మొద్దుగ ఒక తెల్లటి గీత మెరుస్తది. అప్పుడు రెండు దిక్కులు 20 డిగ్రీలకు రుద్దు. ఆ తెల్ల గీత సన్నబడుకుంట సన్నబడుకుంట మాయమైతది. ఎక్కడ ఇంకా మెరిసిందో అక్కడ అంచు ఇంకా కలవలేదు. మనసు ఒప్పుకోదు, కొత్త కత్తిని చేతులారా మొద్దు చేస్తున్నమనిపిస్తది. కాని గుంటకు వేరే దారి లేదు.

గరుకు అయినంక నున్న దిక్కు, తర్వాత 1000 నంబరు. అక్కడ బర్రును తీసెయ్యాలె. ఒక్కో దిక్కు ఐదు, తర్వాత మూడు, తర్వాత ఒకటి ఒకటి, తేలికగ. ఆఖరికి తోలు బెల్టు లోపలి దిక్కు మీద, అంచు వెనకుండేటట్టు ఒక్కో దిక్కు పది సార్లు గుంజు. బర్రు మిగిలితే కత్తి మొదటి గంట బ్రహ్మాండంగ తెగి, మధ్యాహ్నానికి అది మడతపడి మొద్దైతది. న్యూస్ పేపరు కోసి చూడు. ఎక్కడ చిరిగితే బర్రు అక్కడ ఉన్నట్టు. ఆ తర్వాత టమాట. ఒత్తకుండ పెడితేనే తొక్క దిగాలె.

సైకిల్ సానాయనకు ఇయ్యనా అని అడిగినవు. కొడవళ్లకు, గొడ్డళ్లకు ఇయ్యి. సన్నటి కూరగాయల కత్తిని ఎండు చక్రం మీద నిప్పురవ్వలు లేచేటట్టు పడితే అంచు కాలుతది. అంచు నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడ్డట్టే, ఆ భాగం అరిగి పోయేదాక పదును నిలవదు.

రోజూ పది కిలోల ఉల్లిగడ్డ కోసే కత్తికి పొద్దున పొద్దున బెల్టు మీద పది గుంజులు, పది పదిహేను రోజులకోసారి 1000 నంబరు రాయి చాలు. గరుకు రాయి ఏడాదికి మూడు నాలుగు సార్లు. గ్రానైటు గట్టు మీద, స్టీలు ప్లేటుల కోసినవా, ఈ కష్టమంతా ఒక్క పూటల పోతది. చింత మొద్దో, వేప పలకో పెట్టుకో. బ్రెడ్డు కోసే, అంచుకు రంపం లెక్క పండ్లుండే కత్తి ఉంది కదా, దాన్ని రాయి మీద పెట్టకు, పండ్లు అరిగిపోతయి.

ముందు ఇంట్ల పాత కత్తి మీద రెండు సార్లు చెయ్యి తిప్పు, తర్వాత కొత్తది ముట్టుకో. సాన అయినంక కత్తికి బూడిద రంగు బురద అంటుకుంటది, సబ్బుతోటి కడగందే కూరల పెట్టకు. రాయి నడుమ పల్లం పడితే పెన్సిల్‌తోటి అడ్డం నిలువు గీతలు గీసి, 120 నంబరు నీళ్ల గరుకు కాగితాన్ని గాజు మీద పరిచి, గీతలు పోయేదాక రుద్దు. తడి రాయిని డబ్బాల మూసి పెట్టకు. నీడకు ఆరబెట్టు, ఎండల పెడితే పగులుతది.

ఇట్లు,
మీ పెద్దబాపు
హనుమకొండ