బ్లాస్ట్ చూపిన పేరే ఖాయమా?

ప్రశ్న: వరి పొలం మట్టిలో దొరికిన బ్యాక్టీరియా 16ఎస్ జన్యువు (బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడేది) బ్లాస్ట్‌లో, అంటే సీక్వెన్స్‌లను డేటాబేస్‌తో పోల్చే సాధనంలో, బాసిల్లస్ సబ్టిలిస్‌తో 99.6 శాతం కలిసింది. జీనోమ్ కూడా చదివించాం. అదే పేరుతో ఎన్‌సీబీఐకి (అమెరికాలోని జన్యు సమాచార డేటాబేస్ కేంద్రం) పంపవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. సబ్టిలిస్ బంధువర్గంలో చాలా జాతుల 16ఎస్ జన్యువులు 99 శాతానికి పైగా ఒకేలా ఉంటాయి. పైగా బ్లాస్ట్‌లో మొదట కనిపించే పేరు చాలాసార్లు పంపినవాళ్లు రాసుకున్నదే. అందుకే టైప్ స్ట్రెయిన్‌తోనే, అంటే ఆ జాతి పేరుకు ప్రమాణంగా నిలిచే కల్చర్‌తోనే, పోల్చాలి. సబ్టిలిస్‌కు అది డీఎస్ఎం 10. ప్రయోగశాలల్లో ప్రసిద్ధమైన '168' అనే స్ట్రెయిన్ టైప్ స్ట్రెయిన్ కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. సరైన పేరు ఎల్‌పీఎస్ఎన్ అనే బ్యాక్టీరియా పేర్ల జాబితాలో, పెరిగే ఉష్ణోగ్రత, మాధ్యమం వంటి వివరాలు బ్యాక్‌డైవ్ అనే స్ట్రెయిన్ల డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ జీనోమ్, టైప్ స్ట్రెయిన్ జీనోమ్‌ల సగటు న్యూక్లియోటైడ్ సారూప్యతను (డీఎన్ఏ అక్షరాలు ఎంత శాతం కలుస్తాయో) ఫాస్ట్ఏఎన్ఐ అనే ప్రోగ్రామ్‌తో లెక్కించండి. 96 శాతం దాటితే ఆ జాతే. 95 కంటే తక్కువైతే పక్క జాతుల టైప్ స్ట్రెయిన్లతోనూ పోల్చండి. అప్పటిదాకా 'బాసిల్లస్ జాతి' అని రాసి, పక్కన మీ స్ట్రెయిన్ సంఖ్య ఇస్తే చాలు.

పంపేముందు 200 బేస్‌ల కన్నా చిన్న కాంటిగ్‌లు (చదివిన ముక్కలను కలిపి కూర్చిన డీఎన్ఏ వరుసలు) తీసేయండి. సీక్వెన్సింగ్ కోసం అతికించిన కృత్రిమ డీఎన్ఏ (అడాప్టర్) ముక్కలు మిగిలితే ఫైలు వెనక్కి వస్తుంది. బయోశాంపిల్‌లో (నమూనా వివరాలు నింపే ఎన్‌సీబీఐ రికార్డులో) సేకరించిన తేదీ, ప్రాంతం, ఏ మట్టి అన్నవి తప్పక నింపండి. ఇవి లేని జీనోమ్ ఇతరులకు సగమే పనికొస్తుంది. సజీవ కల్చర్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల కల్చర్ భాండాగారంలో భద్రపరిచి, వాళ్లిచ్చే సంఖ్యనూ రికార్డులో చేర్చండి.